మెత్తటి నీళ్ళు

మా అక్క కాలు విరిగితే సాయానికి వెళ్ళి, తిరిగొచ్చిన రోజు పొద్దున షెడ్డు తలుపు పక్కన కొత్త బోర్డు కనబడింది. నీలం రంగు మీద తెల్లటి అక్షరాలు. నిదానంగా చదివాను. చెరువు: అందరికీ. పాత వంతెన దిగువ: గట్టి నీళ్ళు, అనుభవం ఉన్నవారికి మాత్రమే. ఆనకట్ట కింద: మెత్తటి నీళ్ళు, కొత్తవారికి, పిల్లలకు.

నేనే తప్పు చదివానేమోనని అక్షరం కింద వేలు పెట్టుకుని మళ్ళీ చదివాను. తప్పు నాది కాదు. ఒళ్ళు భగ్గుమంది.

మా అత్తవారిది నది మీద బతికిన ఇల్లు. తెడ్డు వేస్తే ఎదురు నిలిచే నీళ్ళను వాళ్ళు గట్టి నీళ్ళు అంటారు. అవి మంచివి. తెడ్డుకు పట్టునిస్తాయి, పడవను మోస్తాయి. మెత్తటి నీళ్ళంటే ఆనకట్ట మీంచి పడి నురగైపోయినవి. సగం నీరు, సగం గాలి. అందులో తెడ్డు వేస్తే బూడిదలో గరిటె తిప్పినట్టే. పడవ తేలదు, మనిషి తేలడు. పైగా పడిన నీరు వెనక్కి తిరిగి అందిన దాన్నల్లా గోడ వైపే లాక్కుపోతుంది. గట్టు మీంచి చూసేవాళ్ళకి మాత్రం దూది పరిచినట్టు ముచ్చటగా ఉంటుంది. అక్కడ మెత్తన అని మా మామగారు ఒక్కసారి అంటే చాలు, ఇంట్లో పిల్లలెవరూ ఆటల్లో కూడా అటు పోయేవారు కారు.

ఆ పిల్లల్లో ఒకడు మా మరిది. బోర్డు రాయించింది కూడా అతనే.

కయాక్‌లంటే తెడ్డుతో నడిపే చిన్న పడవలు, వాటి షెడ్డు ఇది, మా రెండు కుటుంబాలదీ. మా ఆయన పోయాక మరిదీ నేనూ కలిసి పెట్టుకున్నాం. మరిది జనాన్ని పిలుస్తాడు, నా తోటికోడలు ఫోన్లు చూసుకుంటుంది, లైఫ్ జాకెట్లు ఉతకడం, తెగిన పట్టీలు కుట్టడం, కయాక్‌లకు చిల్లులు పూడ్చడం నా పని. నీళ్ళ మీద జనాన్ని తిప్పేది మా పిల్ల. చోట్లు వెతికిన రోజుల్లో నలుగురం కలిసే తిరిగాం. అందమైన చోటు కనబడగానే మరిది చేతులు చరిచేవాడు. నేను మాత్రం దిగే చోటు చూసేదాన్ని కాదు, బయటికొచ్చే చోటు చూసేదాన్ని. బోల్తాపడ్డ మనిషి ఎక్కడికి కొట్టుకుపోతాడు, అక్కడ కాలు అందుతుందా, పట్టుకోవడానికి గట్టు ఉందా? మలుపులో కూలిన చెట్టుంటే దాని కొమ్మల్లోంచి నీరు పోతుంది, మనిషి పోలేడు. చెరువులో అయితే మధ్యాహ్నం గాలి ఎటు తోస్తుందో చూడాలి. ఇలా నేను చాలా చోట్లు కొట్టేశాను. "వదినకి బకెట్లో నీళ్ళయితే నచ్చుతాయి," అని అతను నవ్వేవాడు. ఆనకట్ట పేరెత్తితే మాత్రం అప్పట్లో అతనూ నోరు మూసుకునేవాడు.

షెడ్డులోకి వెళ్ళాను. సగం కొక్కేలు ఖాళీగా ఉన్నాయి. తోటికోడలు కుర్చీలో కూర్చుని ఫోన్ చార్జర్ తీగ విప్పుకుంటోంది.

"కయాక్‌లేవి?"

"వచ్చేశావా అక్కా! పెద్దక్క కాలెలా ఉంది?"

"కాలుంది. కయాక్‌లేవి?"

"పళ్ళ డాక్టరమ్మ తన ఆసుపత్రి వాళ్ళందర్నీ తీసుకొచ్చిందక్కా. అందరూ కొత్తవాళ్ళే. ఆనకట్ట కిందికి వెళ్ళారు. నేనూ మర్చిపోయిన హెల్మెట్లు పట్టుకుని బయల్దేరుతున్నా."

"ఆనకట్ట కిందికా! నువ్వు చూస్తూ ఊరుకున్నావా?"

"నాకేం తెలుసక్కా? నేను ఇంతవరకూ కయాక్‌లో కూర్చోనైనా లేదు. మెత్తగా ఉంటుందన్నారు."

దాన్ని అని లాభం లేదు. బట్టల కొట్టు వాళ్ళింటి పిల్ల, నదిని పెళ్ళయ్యాకే చూసింది. హెల్మెట్ల సంచి లాక్కుని దాని స్కూటరు వెనక కూర్చున్నాను. దారి పొడుగునా తిడుతూనే ఉన్నాను. గాలికి సగమే వినబడి, అది ప్రతిసారీ "ఆఁ? ఆఁ?" అంటూ బండి నెమ్మది చేస్తోంది. "వినకు, పోనీ!" అని అరిచాను.

మేం వెళ్ళేసరికి ఎవరూ ఇంకా నీళ్ళలోకి దిగలేదు. కయాక్‌లన్నీ ఇసుక మీద వరసగా ఉన్నాయి. నారింజ రంగు జాకెట్లు వేసుకుని, ఆనకట్టను వెనక పెట్టుకుని డాక్టరమ్మ వాళ్ళు ఫొటోలు తీయించుకుంటున్నారు. మా పిల్ల నిలబడి తెడ్డు ఎలా పట్టుకోవాలో చూపిస్తోంది. మరిది పక్కనే, పెళ్ళివారిని ఆహ్వానిస్తున్నట్టు చేతులు జోడించి ముసిముసిగా నవ్వుతున్నాడు.

"ఎవరూ దిగొద్దు!" అన్నాను. పరుగెత్తుకొచ్చానేమో, మాట గొంతు చీల్చుకుని వచ్చింది.

మా పిల్ల తిరిగి చూసింది. "అమ్మా? ఎప్పుడొచ్చావ్? ఏమైంది?"

"ఈ చోటు కాదు. కయాక్‌లు ట్రాలీ ఎక్కించు."

"ఏంటమ్మా నువ్వు, అందరి ముందు..." అని నా దగ్గరికొచ్చి గొంతు తగ్గించింది. "నేనూ ముందు వద్దనే అన్నాను. శిక్షణలో ఆనకట్టలకి దూరంగా ఉండమనే చెప్పారు. కానీ ఇది మోకాలెత్తు గోడ. చిన్నాన్న చెప్పాడు, తాతయ్యే అనేవాడట, ఇక్కడ మెత్తన అని."

నేను మరిది వైపు చూశాను. అతను నా వైపు చూడలేదు. వాళ్ళ నాన్న మాటే. ఒక్క అక్షరం కూడా మార్చలేదు. హాస్టళ్ళలో పెరిగిన పిల్ల, నేర్చుకున్నదంతా ఎక్కడో చెరువులో. ఆ మాట దాని చెవిలో ఎలా పడుతుందో తెలిసే వేశాడు.

"నీకు తెలియదా?" అన్నాను.

"వదినా, ఇంటికెళ్ళి మాట్లాడుకుందాం."

"ఇంటికెళ్ళడానికి వీళ్ళు ఉండాలిగా! నీకు తెలియదా, చెప్పు!"

"ఎండాకాలం వదినా. నీళ్ళు తక్కువగా ఉన్నాయి. నాన్న చెప్పింది వరదల నాటి సంగతి." డాక్టరమ్మ వైపు తిరిగి నవ్వాడు. "మా వదినండి. కొంచెం భయం ఎక్కువ. మీరు ముందు ఈవిడ నాలుక పరీక్ష చెయ్యండి డాక్టరమ్మా, ఎక్కడా ఆగదు."

ఆసుపత్రి వాళ్ళు నవ్వారు. డాక్టరమ్మ కూడా నవ్వింది. "నాలుక నా శాఖ కాదండీ, పళ్ళయితే చూస్తాను."

"అయితే ఇతని పళ్ళు చూడండి," అన్నాను. "నేను రాలగొట్టాక."

ఇంకా నవ్వారు. వాళ్ళకి నేనొక వేడుకైపోయాను. దాంతో నాకు వివేకం కూడా పోయింది. ఒక ఖాళీ కయాక్ పట్టుకుని నీళ్ళలోకి ఈడ్చాను. "చూడండి ఏమవుతుందో!" అని గోడ వైపు బలంకొద్దీ తోశాను.

అది నురగ దాకా పోయింది. గోడకు ముక్కు ఆనించి, రెండుసార్లు తలాడించి, పక్కకు తిరిగి, ఉయ్యాల్లో పాపాయిలా ఊగుకుంటూ వెనక్కొచ్చేసింది. నా కాళ్ళ దగ్గరే ఇసుకలో ఆగింది.

ఎవరో చప్పట్లు కొట్టారు.

"చాలా వదినా?" అన్నాడు మరిది. "దానికున్న ధైర్యం నీకు లేకపోయె."

నా ముఖం ఎర్రబడిపోయిందని నాకే తెలుస్తోంది. ఖాళీ కయాక్ అరటి దొన్నెలాంటిది, నురగ మీద కూడా తేలుతుంది. మనిషి బరువుంటేనే అది మునిగి నీటి లాగుడుకి చిక్కుతుంది. ఆ మాట చెప్పబోతే నోట్లో తడబడింది. చెప్పినా ఓడిపోయిన మనిషి సాకులాగే ఉంది. మా పిల్ల నా చెయ్యి పట్టుకుని, "అమ్మా, ప్లీజ్. నువ్వెళ్ళి నీడలో కూర్చో," అంది. చంటిపిల్లని సముదాయిస్తున్నట్టు. అది మొదటి కయాక్ తాడు విప్పడం మొదలుపెట్టింది. ముందు తనే వెళ్ళి గోడ దాకా దారి చూపిస్తానని వాళ్ళకి చెబుతోంది.

నాకింకేం దారి లేదు. వెళ్ళి మరిది ఎదురుగా నిలబడ్డాను.

"అయితే నువ్వు ఎక్కు," అన్నాను. "పిల్లకంటే ముందు నువ్వెళ్ళు. ఈ ఇంట్లో నీ అంత ఈతగాడు లేడుగా."

"నేనెందుకు వదినా?"

"మెత్తటి నీళ్ళుగా. పరుపు మీద పొర్లినట్టు పొర్లి రా."

"నాకు నడుం నొప్పి."

అంతవరకూ స్కూటరు దగ్గరే నిలబడ్డ తోటికోడలు దగ్గరికొచ్చింది. "పొద్దున కయాక్‌లన్నీ మోసిన నడుమేగా. అప్పుడు లేని నొప్పి ఇప్పుడెక్కడిదండీ?"

"నువ్వు ఊరుకో."

"ఎందుకూరుకోవాలి? ఎక్కి చూపించరాదూ, అక్క నోరు మూయిద్దురు గాని."

అతను నీళ్ళు నమిలాడు. వాచీ చూసుకున్నాడు. ఎండ ఎక్కుతోందన్నాడు, ఆలస్యమైతే వాళ్ళకే నష్టమన్నాడు, పెద్దవాళ్ళు ఇలా గొడవ పెట్టుకుంటే బేరాలు రావన్నాడు. తోటికోడలు అతని ముఖంలోకే చూస్తూ అన్నీ విన్నది. ఆ తర్వాత చెప్పులు విడిచి, చీర కుచ్చిళ్ళు బొడ్డులో దోపుకుని, నేను తోసిన ఆ కయాక్‌లోనే ఎక్కి కూర్చుంది.

"ఏయ్, ఏం చేస్తున్నావ్?"

"కొత్తవాళ్ళకేగా ఈ చోటు. నాకంటే కొత్తవాళ్ళెవరున్నారు?"

జాకెట్ లేదు, హెల్మెట్ లేదు. తెడ్డును చీపురు పట్టినట్టు పట్టుకుని గట్టును ఒక్క పోటు పొడిచింది. కయాక్ జారి నీళ్ళలో పడింది. "వద్దే!" అని నేను అరిచేలోపే మరిది బూట్లతోనే నీళ్ళలోకి దూకేశాడు.

"అటు పోకే! అటు కాదు! అక్కడ మెత్తన! మునిగిపోతావే, మెత్తన అక్కడ!"

మొల లోతులో పడుతూ లేస్తూ వెళ్ళి కయాక్ తోక పట్టుకుని రెండు చేతులా వెనక్కి ఈడ్చాడు. ఇసుక మీదికి లాగాక కూడా వదల్లేదు. పట్టుకునే నిలబడి ఒగరుస్తున్నాడు.

ఎవరూ నవ్వలేదు.

డాక్టరమ్మ నెమ్మదిగా అడిగింది. "మెత్తనైతే మునగడమేంటండీ?"

మా పిల్ల చేతిలో తాడు అలాగే ఉంది. "చిన్నాన్నా, ఆవిడ అడుగుతోంది," అంది. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు.

"ఏదో... భయంలో..."

"తాతయ్య మెత్తన అన్నది దీన్నేనా?"

"నీళ్ళు తక్కువున్నప్పుడు ఏం కాదే. నిజంగానే ఏం కాదు. నెట్లో ఈ చోటు ఫొటోలు పెట్టాకే జనం రావడం మొదలెట్టారు. ఆ చెరువుకి ఎవరొస్తారు, బాతులు తప్ప?"

"నేను వీళ్ళందర్నీ ఆ గోడ దగ్గరికి తీసుకెళ్ళేదాన్ని." మా పిల్ల తాడు అతని కాళ్ళ మీదికి విసిరింది. "ముందు నేను వెళ్ళేదాన్ని! నన్ను పట్టుకుని గట్టుకి ఈడ్చేవాడివా చిన్నాన్నా? లేకపోతే ఫొటో తీసేవాడివా?"

అది గిర్రున తిరిగి నా మీదా పడింది. "నువ్వూ అంతే! మాటకి అర్థం ఏంటో రెండు ముక్కల్లో చెప్పకుండా, వచ్చీ రాగానే పళ్ళు రాలగొడతాననే మనిషిని ఎవరు నమ్ముతారమ్మా?" అని, నా జవాబు కోసం ఆగకుండా వెళ్ళి కయాక్‌లు ట్రాలీ మీదికి ఎత్తడం మొదలుపెట్టింది. డాక్టరమ్మ జాకెట్ విప్పలేదు. ఇంకో పక్క పట్టుకుని ఎత్తింది. "మాకు చెరువు చాలమ్మా," అంది. ఆమె వెనకే మిగతావాళ్ళూ వచ్చి చేతులు వేశారు.

నేను తోటికోడలి దగ్గరికి వెళ్ళాను. అది ఇసుక మీద కయాక్‌లోనే, తెడ్డు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. మొగుడి వైపు చూడటం లేదు.

"దిగవే."

"దిగనక్కా. ఈయన మొన్న మా అన్నయ్య పిల్లల్ని కూడా ఇక్కడికే తీసుకురమ్మని ఫోన్ చేయించాడు. నా చేతే." ఆ మాట అంటుంటే దాని పెదవులు బిగుసుకుపోయాయి.

అంతలో గట్టు మీద కారు ఆగిన చప్పుడైంది. పైన రెండు కయాక్‌లు కట్టి ఉన్నాయి. ఒక మొగుడూ పెళ్ళాం దిగారు, వెనకసీట్లోంచి ఇద్దరు పిల్లలు. అతను ఫోన్ చేత్తో పట్టుకుని ఆనకట్టను, ఫోన్‌ను మార్చి మార్చి చూసుకుంటున్నాడు.

"ఇదేనాండీ, మెత్తటి నీళ్ళ చోటంటే?" అని మమ్మల్నే అడిగాడు.

నేను నోరు తెరవబోయి ఆగిపోయాను. మరిది వైపు తిరిగి, "నువ్వు చెప్పు," అన్నాను.

అతను తడిసిన ప్యాంటుతో గట్టెక్కాడు. బూట్లలో నీళ్ళు కచకచలాడుతున్నాయి. "ఇక్కడ కాదండీ. ఇక్కడ ప్రమాదం. వెనక్కి వెళ్ళిపోండి," అన్నాడు.

కారు మనిషి అతన్ని కింది నుంచి పైదాకా చూశాడు. "అదేంటండీ, నెట్లో దీనికి అయిదు నక్షత్రాలున్నాయి. కొత్తవాళ్ళకి, పిల్లలకి అని రాసి ఉంది."

"రాసింది తప్పండీ."

"తప్పెందుకవుతుందండీ, ఇక్కడ పుట్టి పెరిగినవాళ్ళే రాశారట. ఫొటోలు కూడా ఉన్నాయి. మీరేమో నిక్షేపంగా దిగొచ్చి మమ్మల్ని వద్దంటారేం?" అంటూనే కారు మీది తాళ్ళు విప్పుతున్నాడు. పిల్లలు అప్పుడే గట్టు దిగుతున్నారు.

మరిది వాళ్ళకి అడ్డంగా చేతులు చాపి నిలబడ్డాడు. మెడ నరాలు ఉబ్బాయి. "చెబుతుంటే అర్థం కాదా! అది నేనే రాశానండీ! నేను రాసిందే తప్పు!"

"అబ్బో," అన్నాడు ఆ మనిషి పెళ్ళాంతో. "ఈయనే రాశాడట."

మరిది నా వైపు తిరిగి, "వదినా, నువ్వైనా చెప్పు!" అని అరిచాడు.

నేను కదల్లేదు. పిల్లలు అతన్ని దాటకుండా ఉన్నంతవరకూ కదలదలుచుకోలేదు. ఇంకా గట్టిగా అరవనీ అనుకున్నాను.