బట్టలు మార్చుకునే గదిలో కెమెరా

కుట్టు ఫ్యాక్టరీలో నెట్‌వర్క్ చూసే అమ్మాయి ఫోన్లను, కంప్యూటర్లను కలిపే కొత్త స్విచ్ బాక్సు బిగించి, లాప్‌టాప్‌లో దాని వివరాలు తెరిచింది. స్విచ్‌కి కేబుల్ తగిలించిన పరికరాలు "నేను ఫలానా" అని తమంతట తామే చెప్పుకుంటాయి. స్విచ్ కూడా తన పేరు, పోర్టు నంబరు వాటికి చెబుతుంది. ఆఫీసు ఫోన్లు, ప్రింటర్లు పలికాయి. వాటితోపాటు ఎవరూ చెప్పని కెమెరా ఒకటి పలికింది. దాని కేబుల్ పట్టుకుని వెళితే, అది ఆడవాళ్లు బట్టలు మార్చుకునే గది సీలింగ్‌లో తేలింది.

ఆమెకు ఒళ్లు మండిపోయింది. నేరుగా మేనేజరు గదికి వెళ్లి నిలదీసింది.

"దొంగతనాలు జరుగుతున్నాయని నేనే పెట్టించా," అన్నాడతను తల ఎత్తకుండా. "స్విచ్‌లో ఆ పేర్లు చెప్పుకోవడం ఆపెయ్. ఇంకెవరికీ కనపడదు."

"ఆపను సార్."

"ఉద్యోగం ఉండాలా, వద్దా?"

"అది మీ ఇష్టం. స్విచ్ నోరు మూయించినా నా నోరు మూయించలేరు."

కుట్టే హాల్లో ఆమె పిన్ని పనిచేస్తోంది. "పిన్నీ, మిషన్ ఆపి రా. అందర్నీ పిలువు," అంది.

బట్టలు మార్చుకునే గదిలో ఆమె కుర్చీ ఎక్కి సీలింగ్ పలక జరపగానే కెమెరా అందరికీ కనిపించింది. "మేనేజరే పెట్టించాడు," అంది.

"వాడి మొహం మండ!" అంది పిన్ని.

మేనేజరు పరుగెత్తుకొచ్చాడు. "ఎవరూ దాన్ని ముట్టుకోవద్దు!"

"మేం ముట్టుకోం," అంటూ పిన్ని కొంగు బిగించి అడ్డం నిలబడింది. "పోలీసులకు ఫోన్ చేశాం. వాళ్లొచ్చేదాకా నిన్నూ ముట్టుకోనివ్వం."

సాయంత్రం పోలీసులు అతణ్ని జీపెక్కించేదాకా ఆ హాల్లో ఒక్క మిషనూ కదల్లేదు.