నా గొంతు నొక్కినవాడు

నేను ఒక నల్ల ఎబొనైట్ కలాన్ని. దసరా వెళ్ళిన సోమవారం పొద్దున పదిన్నరకు, రిజిస్ట్రారు ఆఫీసు ఎదుటి పాకలో, నా గొంతులో ఏదో కూరి ఊపిరాడకుండా చేశారన్న సంగతి బయటపడింది.

అప్పుడు స్టాంపు కాగితం మీద అమ్మేవాడి తండ్రి పేరు రాస్తున్నాను. సగం పేరు దగ్గర సిరా ఆగిపోయింది. నా యజమాని, దస్తావేజు లేఖరి సత్తిరాజు, నన్ను గట్టిగా విదిలించాడు. మనుషులకు తెలిసిన వైద్యం అదొక్కటే. కాగితం నడుమ రూపాయి బిళ్ళంత మరక పడింది. "దుర్ముహూర్తం వచ్చేస్తందండీ" అంటూ కొనేవాడు పక్క పాకకు పోయాడు.

సత్తిరాజు రుమాలుతో నా పాళీ తుడిచి, ఆ రుమాలు వంక చూసి, గబుక్కున జేబులో కుక్కుకున్నాడు. మరుక్షణం అతనికి నేరస్థుడు దొరికాడు. ఇరవై ఏళ్ళుగా అదే బల్లకు అవతలి కొసన కూర్చుని దస్తావేజులు రాసే బసవయ్య, శుక్రవారం ఒక్క సంతకానికి నన్ను అడిగి తీసుకున్నాడు.

"నీ మోటు చెయ్యి పడ్డాకే ఇది చచ్చింది. ఏం చేశావురా దీన్ని?"

"సంతకం చేశాన్రా. నవిలి మింగలేదు."

"ఇంకెప్పుడూ నా వస్తువు ముట్టుకోకు."

"నీ బల్ల కూడా ముట్టుకోన్లే. రేపట్నించి వేరే పాక చూసుకుంటా. కానీ ముందు రాజమండ్రి పద. దీన్ని చేసినోళ్ళే చెప్తారు, చంపిందెవరో."

నలుగురి ముందు కాదనలేక సత్తిరాజు సరేనన్నాడు. రోజూ ఒకే క్యారియరులో తినేవాళ్ళు ఆ మధ్యాహ్నం వీపులు తిప్పుకుని తిన్నారు.

నన్నడిగితే అప్పుడే చెప్పేదాన్ని. నన్నెవరడుగుతారు? రాజమండ్రిలో ఒక సందులో నన్ను లేతు మీద తిప్పి చేసిన పెద్దాయన, సత్తిరాజు చేతిలో పెడుతూ, "నెలకోసారి చన్నీళ్ళతో కడగండి, సిరా మార్చినప్పుడల్లా కడగండి" అన్నాడు. సత్తిరాజు తలూపాడు. తలూపడంలో మనుషులను మించినవాళ్ళు లేరు. పదకొండేళ్ళలో నా మీద చుక్క నీళ్ళు పడలేదు. ఆదివారం ఆదివారం స్కూటరును గేదెను తోమినట్టు తోముతాడు. రోజూ తన నాలుకను పక్కింటికి వినపడేలా గీసుకుంటాడు. నాకూ పాళీ కింద సిరాను నడిపించే నాలుక ఉందని మాత్రం మరిచాడు. నీలం సిరా మీదే నలుపు పోశాడు. పైగా "ఈ కలం నా ప్రాణం" అని ఊరంతా చెప్పుకున్నాడు.

మంగళవారం ఇద్దరూ ఒకే బస్సులో, వేరువేరు సీట్లలో వెళ్ళారు. పెద్దాయన పోయాక కొట్టు చూస్తున్న కొడుకు సూరిబాబు నా పాళీ లాగి, నాలుక ఊడదీసి, గిన్నెడు చన్నీళ్ళలో వేశాడు. నలుపు దిగింది. నీలం దిగింది. తర్వాత సన్నటి సూదితో నాలుక గాడిలోంచి ఒక ముద్ద గీకి, గోటి మీద పెట్టుకుని వాసన చూశాడు.

పసుపు. దాని కింద కుంకుమ. ఆ కింద రాయిలా బిగిసిన గంధం. మళ్ళీ పసుపు.

"ఇది ఒక్కరోజు పని కాదండీ. ఏళ్ళ తరబడి పాళీకే పట్టించారు. ఎవరండీ ఆ భక్తుడు?"

బసవయ్య కనీసం నవ్వను కూడా లేదు. గోడ మీది క్యాలెండరు చూస్తూ నిలబడ్డాడు. సత్తిరాజు జేబులోంచి రుమాలు తీసి బల్ల మీద పరిచాడు. సిరా మరకల నడుమ అది ఇంకా పచ్చగానే ఉంది.

"నేనేరా బసవయ్యా. ఏటా దసరాకి పూజలో పెట్టి, పాళీకే పట్టించేవోణ్ణి. కలం టోపీకి రాస్తే అమ్మోరికి ఆనదేమోనని. మొన్న పండక్కి మరీ దట్టంగా పట్టించా. కడిగితే పూజంతా కొట్టుకుపోద్దని భయమేసి ఎప్పుడూ కడగలేదు. నిన్న ఈ రుమాలు చూసినప్పుడే తెలిసిపోయింది నాకు. తెలిసే నీ పేరు చెప్పాన్రా."