కూర్మయ్య చెంబులో పోటు

కోల్‌కతా మెటియాబ్రుజ్‌లో కుట్టుమిషన్లు మొదలయ్యే వేళకి కూర్మయ్య ఇత్తడి చెంబు తోమి, సగానికి నీళ్లు పోసి, కిటికీ గట్టు మీద పెడతాడు. గంగలో పోటొస్తే ఆ నీళ్లు లేస్తాయి, ఆటు తగిలితే అడుక్కి దిగుతాయి. సముద్రం నుంచి గోడలా ఎదురొచ్చే పెద్ద అల, ఇక్కడ బాన్ అంటారు, అది వచ్చే ముందు కాసేపు వణుకుతాయి. ఇల్లు రెండో అంతస్తు. కిటికీలోంచి రేవు మెట్లు మాత్రం కనిపిస్తాయి. వీధిలో ఆడవాళ్లు కిందనుంచే "తాతా, నీళ్లెలాగున్నాయి?" అని అడిగి బట్టలు ఉతకడానికి వెళతారు. చెంబు గురించి అంతకు మించి ఎవరూ మాట్లాడుకోరు.

ఆ ఏడు, అంటే రెండువేల తొమ్మిదిలో, రేవులో ఎర్ర జెండా కట్టిన టీ దుకాణం గోడకి ఒక కాగితం అంటించారు. లిలువా రైల్వే క్వార్టర్స్‌లో పుట్టి, సాల్ట్ లేక్‌లో కంప్యూటర్ ఉద్యోగం చేస్తున్న గోపీనాథ్ అంటించాడు. బెంగాలీలో, హిందీలో, తెలుగులో ఒకటే మాట. పడవలవాళ్ల కోసం బాన్ వేళ చెప్పే ప్రోగ్రాం రాస్తున్నాం. ఇది ఎవరి సొత్తూ కాదు, లోపలి రాతంతా అందరికీ తెరిచే ఉంటుంది. మీ రేవులో బాన్ ఎప్పుడొచ్చిందో చెప్పండి. ఎవరు రాసింది ఎవరైనా దిద్దవచ్చు. రాసినవారి పేరూ దిద్దినవారి పేరూ అందులో ఉంటాయి.

కూతురు జగ్గమ్మ బెంగాలీలో చదివి వినిపిస్తే కూర్మయ్య ముక్కు ఎగరేశాడు. "దిద్దడమేటి? నా సెంబుని దిద్దీవోడు ఇంకా పుట్టలేదు."

కానీ పేరు ఉంటుందన్నారు కదా. అంకెలూ తన పేరూ తప్ప ఆయనకి రాయడం రాదు, అవి చాలు. మూడు నెలలు చెంబు చూసి, చేతి గడియారం చూసి రాశాడు. ఆదివారాలు గోపీనాథ్ వచ్చి పట్టుకెళ్లేవాడు. ఆ అంకెల్లోంచి ప్రోగ్రాం రాబోయే బాన్ వేళలు లెక్కగట్టేది. టీ దుకాణం గోడ మీద రోజూ ఆ కాగితం పడేది.

ఒక ఆదివారం గోపీనాథ్ కాస్త జంకుతూ వచ్చాడు. "తాతా, నీ రాతకి దిద్దుబాటొచ్చింది. అన్నిట్లోనూ పావుగంట తగ్గించమంటున్నారు."

"ఎవుడాడు?"

"పోలిరాజుగారట. అవతలొడ్డున మెట్లమీద సుద్దగీతలు గీసి చూస్తారు. గేంగు టైము తిప్పమని నీకు చెప్పమన్నారు."

కూర్మయ్య గడియారం మీద అరచెయ్యి మూసుకున్నాడు. ఒకప్పుడు డాక్‌లో కూర్మయ్య పనిచేసిన గేంగుకి పోలిరాజు సర్దారు, అంటే కూలీల మేస్త్రీ. ఎవరూ ఆలస్యం కాకూడదని అందరి గడియారాలూ పావుగంట ముందుకి పెట్టించాడు. అసలు టైముకి వచ్చిన కూర్మయ్యని పదిమందిలో గేటు దగ్గర నుంచి వెనక్కి పంపించేశాడు. ఆ సాయంత్రమే కూర్మయ్య ముల్లు ముందుకి తిప్పుకున్నాడు, పోలిరాజుతో మాట మానేశాడు. పాతికేళ్లయింది. డాక్ పని మానేశాక మిగతావాళ్లు గడియారాలు సరిచేసుకున్నారు. ఈయన మాత్రం కోల్‌కతా మొత్తం పావుగంట వెనకబడి ఉందని తేల్చేశాడు.

"తిప్పను బావూ. ఊరు ఆలస్యంగా నడిస్తే నాదా తప్పు?"

"నువ్వు సరేనంటేనే మార్చాలి, లేదా మూడో మనిషి చూసి చెప్పాలి. అదీ రూలు. మంగళవారం అమావాస్య బాన్, తాతా."

గోపీనాథ్ వెళుతూ గోడ కాగితం మీద ఆ వేళ పక్కన ప్రశ్నార్థకం పెట్టాడు. రేవులో ప్రశ్నార్థకాలు ఎవరు చదువుతారు?

మంగళవారం జగ్గమ్మ అవతలొడ్డున గుండీలు కుట్టే ఆడవాళ్లకివ్వాల్సిన గౌన్ల మూట కట్టింది. "బాన్ పన్నెండున్నరకి అని నువ్వే కదా రాసినావు అయ్యా. ఈలోగా దాటీస్తాం" అని దిగి వెళ్లింది.

చెంబులో నీళ్లు వణకసాగాయి. కూర్మయ్య గడియారంలో పన్నెండూ ఇరవై అయిదు. ఇంకో అయిదు నిమిషాలు, లెక్క సరిపోయిందని ఆయన మీసం సర్దుకున్నాడు. అంతలో రేవులో పడవవాడు ఆఖరి కేక వేశాడు. అయిదు నిమిషాలే ఉంటే పడవ బయల్దేరడమేటి? అనుకున్న మరుక్షణం ఆయనకి ఆ పావుగంట గుర్తొచ్చింది. రేవు గడియారంలో ఇంకా పన్నెండూ పదే. వాళ్లకి ఇంకా ఇరవై నిమిషాలున్నట్టు లెక్క. పడవలో మూట ఒళ్లో పెట్టుకుని జగ్గమ్మ కనిపిస్తోంది.

మెట్లు దిగే మోకాళ్లు కావు ఆయనవి. ఆయన ముసలి కేక అంత దూరం పోదు. కూర్మయ్య రెండు చేతులా చెంబు ఎత్తి గటగటా తాగేశాడు.

రేవులో నీళ్లు దిగిపోయాయి. ఎప్పుడూ చూడని నాచుమెట్లు బయటపడ్డాయి. పడవ బురదలో చతికిలబడి ఒక పక్కకి ఒరిగింది. "జొల్ కొథాయ్ గెలో?" నీళ్లెటు పోయాయని పడవవాడు తల గోక్కున్నాడు. జగ్గమ్మ మడమలదాకా బురదలో దిగి, పడవనీ గంగనీ కలిపి తిడుతూ, అందరితోపాటు మెట్లెక్కింది. మూట పడవలోనే ఉండిపోయింది. రేవు గడియారంలో పన్నెండుంపావు అయింది. మట్టిరంగు గోడ ఒకటి వచ్చి పడవని మెట్లకేసి కొట్టి, ముక్కలుగా పట్టుకుపోయింది.

కూర్మయ్య నోరంతా ఉప్పగా ఉంది.

మర్నాడు చెంబులో నీళ్లు పోస్తే పోసినట్టే ఉన్నాయి. ఆ మర్నాడూ అంతే. ఆడవాళ్లు కిందనుంచి అడగడం మానేశారు. ఆదివారం గోపీనాథ్ వస్తే కూర్మయ్య కిటికీకేసి చూస్తూ అన్నాడు. "దిద్దీ. దిద్దినోడి పేరు ఎయ్యి. నా పేరు మాత్రం కొట్టీకు."

తర్వాత గడియారం ముల్లు పావుగంట వెనక్కి తిప్పాడు. అది బిగుసుకుపోయి ఉంది, గోరు విరిగింది.

ఇప్పుడు బాన్ రోజుల్లో జగ్గమ్మ చెయ్యిపట్టి దింపితే, ఆయన సుద్దముక్కతో రేవు పైమెట్టు మీద కూర్చుంటాడు. అవతలొడ్డున అంగుష్ఠమంత మనిషి ఒకడు అలాగే కూర్చుని ఉంటాడు. అల పోయాక ఇద్దరూ వంగి గీత గీస్తారు.

"అయ్యా," అంది జగ్గమ్మ ఒకరోజు అవతలొడ్డు నుంచి వచ్చి, "పోలిరాజు మావ అడిగినాడు, నువ్వేటైనా సెప్పమన్నావా అని."

కూర్మయ్య చాలాసేపు సుద్ద చేతులు దులుపుకున్నాడు.

"నిన్న రెండు నిమిషాలు ఎక్కువ రాసినాడు. దిద్దినానని సెప్పు."