ఏడో బిళ్ళ

మందమర్రిలో చలికాలం వచ్చిందని పంచాంగం చూసి తెలుసుకోవలసిన పని ఎవరికీ ఉండేది కాదు. కార్తీకంలో మొదటి శనివారం రాయమల్లు తన క్వార్టర్ ముందు గోనెపట్టా పరిచి, గాలిపంపు, సొల్యూషన్ ట్యూబు, పాత రబ్బరు ముక్కలు ముందేసుకుని కూర్చున్నాడంటే చలికాలం వచ్చినట్టే. బొగ్గుబాయి సైకిల్ సంఘానికి అధ్యక్షుడు ఆయనే, కార్యదర్శి ఆయనే, పంక్చర్లు వేసేదీ ఆయనే. సభ్యులు పదకొండు మంది. ఎండాకాలం ఆ నేల మీద సైకిల్ తొక్కితే మనిషి మాడి మసైపోతాడు, వానాకాలం చక్రానికి మూరెడు బురద. అందుకే సవారీలన్నీ చలికాలపు ఆదివారాల్లోనే. ఒక వారం గూడెం గుట్టకు, ఒక వారం లక్షెట్టిపేటకు, పుష్యమాసంలో చెన్నూరు గోదావరికి.

రాయమల్లుది బాయి మీద దీపాల గదిలో కొలువు. లోపలికి దిగే ప్రతివాడికీ తలదీపం ఇచ్చి, వాడి నెంబరున్న ఇత్తడి బిళ్ళను మేకు నుంచి తీసి చేతిలో పెట్టాలి. పైకి వచ్చాక ఆ బిళ్ళ తీసుకుని మళ్ళీ మేకుకు తగిలించాలి. మేకు ఖాళీగా ఉందంటే మనిషి ఇంకా భూమి కిందే ఉన్నాడన్నమాట. కొలువులో చేరిన కొత్తలో ఒకనాడు రెండు మేకులు ఖాళీగానే ఉండిపోయాయి. ఆ రెండు మేకులూ ఆయన కళ్ళల్లోంచి ఎన్నడూ పోలేదు.

సంఘానికీ అదే పద్ధతి పెట్టాడు. డాల్డా డబ్బా రేకు కత్తిరించి, మేకుతో పొడిచి అంకెలు వేసి, పదకొండు బిళ్ళలు చేశాడు. గుమ్మం పక్కన ఒక చెక్క కొట్టి వాటిని వేలాడదీశాడు. పొద్దున ఎవడి బిళ్ళ వాడు తీసుకోవాలి, సాయంత్రం ఎవడిది వాడే తెచ్చి ఆయన చేతికివ్వాలి. పదకొండూ వచ్చేదాకా ఆయన అరుగు మీద నుంచి లేవడు, బువ్వ ముట్టడు. "గా బిల్లలకు ఓ కొబ్బరికాయ గూడ కొట్టరాదు" అని భార్య నాగవ్వ ఎత్తిపొడిచేది. ఎవరేమన్నా ఆయన పట్టు ఆయనదే.

ఏడో బిళ్ళ కొమురెల్లిది. బాయిలో బొగ్గుతొట్లు నెట్టే మనిషి, నోరు తెరిస్తే నవ్వే. రాయమల్లుకు తోడబుట్టినవాళ్ళు లేరు. ఆ లోటు కొమురెల్లి "అన్నా" అని పిలిచిన నాడే తీరింది. చలి పడితే రాయమల్లుకు దమ్ము లేచి ఆయాసపడతాడని నాగవ్వ కన్నా ముందు కనిపెట్టేది అతనే.

అరవై ఒకటో సంవత్సరం పుష్యమాసం. చెన్నూరు సవారీ నుంచి తిరిగి వస్తుంటే, ఇంకా ఐదు మైళ్ళుందనగా కొమురెల్లి వెనక చక్రం పేలింది. అందరి వెనకా వచ్చే బాధ్యత సారయ్యది, కాబట్టి సారయ్య ఆగాడు. రాయమల్లు ఛాతీలో అప్పటికే పిల్లికూతలు మొదలయ్యాయి. కొమురెల్లే బలవంతం చేసి ఆయన్ని ముందు పంపేశాడు.

పొద్దుగూకింది. తొమ్మిది బిళ్ళలు మేకులకెక్కాయి. రాయమల్లు అరుగు మీద గొంగడి కప్పుకుని దగ్గుతూ కూర్చున్నాడు. అంతలో సారయ్య వచ్చి రెండు బిళ్ళలు చాపాడు.

"అన్నా, గిది నాది, గిది కొమురెల్లిది. టైరు బాగైంది, గాలి కొట్టుకోని ఎనకనే వస్తుండు."

"వాని బిల్ల నీ చేతికెట్లొచ్చింది?"

"వాడే ఇచ్చిండు. నేను పోయేదాక అన్న సలిల కూసుంటడు, దమ్ము లేస్తది. బిల్ల ముట్టిందంటె లోపటికి పోయి పండుకుంటడు, జర జెప్పున తీస్కపో అన్నడు."

పదేళ్ళ కొలువులో రాయమల్లు ఒకరి బిళ్ళ ఇంకొకరి చేతి నుంచి తీసుకోలేదు. మేనేజరు మనిషి వచ్చి అడిగినా తీసుకోలేదు. ఆ సాయంత్రం తీసుకున్నాడు. ఊపిరి ఆడటం లేదు, లోపల కుంపటి రాజుకుని ఉంది, తమ్ముడి లాంటివాడు తన కోసమే పంపాడు. ఏడో మేకుకు బిళ్ళ తగిలించాడు. చెక్క నిండింది. నిండిన చెక్కను చూడగానే ఏళ్ళనాటి అలవాటు కొద్దీ ఆయన గుండె కుదుటపడింది. లోపలికి పోయి నాలుగు ముద్దలు తిని, ఒళ్ళు తెలియకుండా నిద్రపోయాడు.

తెల్లారి బండి తోలుకుపోతున్న రైతుకు, టైరు పేలిన చోటికి కాస్త ఇవతల, బాట కింద వాన నీళ్ళు పోయే మోరీలో కొమురెల్లి కనిపించాడు. చీకట్లో మోరీ అంచు కానక సైకిల్‌తో సహా పడ్డాడు, తలకు రాయి తగిలింది. తెల్లవారుజాము దాకా ప్రాణం ఉండి ఉంటుందని డాక్టరు అన్నాడు. ఆ మాట అనకపోయినా బాగుండేది.

పంచనామాకు వచ్చిన జమాదారు చెక్క చూశాడు. ఏడో బిళ్ళ మేకుకు ఉంది. రాయమల్లు బిళ్ళల పట్టు ఆ వాడకట్టులో తెలియని వాళ్ళు లేరు. బిళ్ళ ఉందంటే మనిషి వచ్చినట్టే. మరి వచ్చినవాడు ఇంటికి పోకుండా మళ్ళీ ఐదు మైళ్ళు వెనక్కి ఎందుకు పోయాడు? మోరీ అవతల ఊళ్ళో ఎవరో ఉన్నారట. ఆ "అట" సాయంత్రానికల్లా క్వార్టర్ల వరస చివరిదాకా పాకింది. లోకులు కాకులంటారు గాని కాకులే నయం. చచ్చినవాడి పేర పెట్టిన ముద్ద తిని ఊరుకుంటాయి.

రాయమల్లు నోరు తెరవబోయాడు. సారయ్య చాటుకు పిలిచి కాళ్ళు పట్టుకున్నాడు. "నేను ఒదిలేసి వచ్చిన్నని తెలిస్తే నన్ను బతకనియ్యరన్నా." రాయమల్లుకు తన భయమూ ఉంది. పరాయి చేతి నుంచి బిళ్ళ తీసుకున్నవాణ్ణి దీపాల గదిలో ఎవరుంచుతారు? తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాడు. సారయ్య ఉగాది లోపే ఇంకో బాయికి మారిపోయాడు.

కొమురెల్లి భార్య పోశవ్వ శవం ముందు ఏడవలేదు. దూరంగా గోడకానుకుని కూర్చుంది, దగ్గరికి రమ్మంటే రాలేదు. పెత్రమాస నాడు ఇంటింటా చనిపోయిన వాళ్ళ పేర బియ్యం ఇస్తుంటే ఆమె ఇవ్వలేదు. ముసలివాళ్ళు గదమాయించారు. "దాపుకొచ్చి గూడ నా గడప తొక్కనోనికి నేనెందుకు బియ్యమియ్యాలె?" అంది.

మళ్ళీ కార్తీకం వచ్చింది. రాయమల్లు గోనెపట్టా పరవలేదు. సభ్యులు వచ్చి అడిగితే దమ్ము సాకు చెప్పాడు. ఆ శనివారం పొద్దున పోశవ్వ తుప్పు పట్టిన సైకిల్ నెట్టుకుంటూ వచ్చింది.

"బావా, గిది మీ సంఘంల పెట్టుకోండ్రి. నా కండ్ల ముందట వద్దు."

రాయమల్లు హ్యాండిల్ పట్టుకోలేకపోయాడు.

"పోశవ్వా, వాడు రాలే."

"ఏంది?"

"వాడు ఆ నాడు వాపసు రానే రాలే. బిల్ల ఇంకోల చేతుల పంపిండు. నేను తీసుకున్న. వాడు ఇంటికే వస్తుండె. నీ దగ్గరికే వస్తుండె." ఎందుకు పంపాడో, ఏమన్నాడో అంతా చెప్పాడు.

పోశవ్వ సైకిల్‌ను అరుగుకు ఆనించింది.

"పది నెలల సంది ఎరికేనా నీకు?"

రాయమల్లు తల వంచాడు.

"పీనుగు మీద పడి ఏడ్వలే బావా నేను. కడసారి ముట్టుకోలే. తిట్టుకుంట సాగనంపిన. గా ఏడుపు ఇప్పుడు ఏడికెల్లి తేవాలె?"

తేవలసిన పని లేకపోయింది. సైకిల్ పక్కన కూలబడి, చక్రం పట్టుకుని ఏడ్చింది. పది నెలల ఏడుపు అది. క్వార్టర్ల వాళ్ళంతా బయటికి వచ్చారు. వాళ్ళందరి ముందూ రాయమల్లు మళ్ళీ మొదటి నుంచి చెప్పాడు. సారయ్య పేరు ఎత్తలేదు. తీసుకున్న చెయ్యి తనదే అన్నాడు.

పోశవ్వ కొంగుతో మొహం తుడుచుకుని లేచింది. "అన్న సలిల కూసుంటడని అన్నడా?"

"అన్నడు."

"సలిల పండింది ఆయన."

ఆమె చెక్క దగ్గరికి పోయి ఏడో మేకు నుంచి బిళ్ళ తీసుకుంది. "గిది ఈడ ఉండద్దు. ఆయన రాలే." బిళ్ళ కొంగున ముడేసుకుని, సైకిల్ నడిపించుకుంటూ ఇంటికి పోయింది.

ఆ రోజు పొద్దుగూకినా రాయమల్లు అరుగు మీదే కూర్చున్నాడు. చలి మొదలైంది, దగ్గు మొదలైంది. నాగవ్వ గుమ్మంలోకి వచ్చి, "లోపటికి రా, బువ్వ సల్లారుతుంది" అంది.

"ఇంకొకటి రాలే."

నాగవ్వ చెక్క వైపు చూసింది. గొంగడి తెచ్చి భుజాల మీద కప్పింది. రాయమల్లు దాన్ని తీసి, మడిచి, పక్కన పెట్టాడు.