స్టేషన్ నుంచి గడియారం దాకా

రెండో అంతస్తులో లిఫ్ట్ దిగగానే జయంతి అలవాటుగా పక్క కుర్చీలోని కాగితం ముక్క తీసుకుంది. భోజనాల మెనూ చీటీ. వెనక్కి తిప్పితే పెన్సిలుతో గుండ్రటి అక్షరాలు: "చర్చిల్ రోడ్డు. పన్నెండు గంటలకు. ఒకరు."

పన్నెండంటే పొద్దున ఆరు. సూర్యోదయం నుంచి గంటలు లెక్కపెట్టే దేశంలో ఇరవై ఆరేళ్ళు ఉన్న మనిషి మరి, సత్యంగారు. ఈ చీటీ ఆయనిచ్చే టికెట్టు. మర్నాటిది ముందురోజు మధ్యాహ్నమే రాసి కుర్చీలో పెట్టిస్తారు. రాసిన రోజే తీసుకుంటే చెల్లదు. అదొక రూలు. ఎనభై నాలుగేళ్ళ పెద్దమనిషి పెట్టిన రూలు కాదనడానికి ఈవిడెవరు!

గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసి, ఆయన నడుముకి పట్టుకుని నడిపించే పట్టీ కట్టి బిగించింది. చెవి రిక్కించింది. మందుల బండి చప్పుడు ఇంకా మొదలవలేదు.

"లేవండి బాబాయిగారూ. ఇవాళ తొందరగా కానిచ్చేద్దాం."

"తొందరగా నడిస్తే ఊరేం కనిపిస్తుందే అమ్మాయ్?" అంటూనే ఆయన మంచం అంచు పట్టుకుని లేచారు.

నాలుగు నెలల కిందట బాత్రూంలో జారిపడ్డాక ఆయన చార్టులో ఎర్రగా రాసిపెట్టారు, వీల్‌చైర్ మాత్రమే అని. అయినా జయంతి రోజూ డ్యూటీ ఎక్కగానే, నర్సుల డెస్కు ఖాళీగా ఉండే ఆ కాసేపట్లో, ఎవరూ చూడకుండా ఆయన్ని కారిడార్‌లో నడిపిస్తోంది. పట్టుబడితే ఉద్యోగం ఊడుతుంది. కూర్చోబెట్టేస్తే ఆ కాళ్ళు నెల తిరక్కుండా కట్టెలైపోతాయి. అడకత్తెరలో పోకచెక్క బతుకు.

జయంతికి యాభై ఎనిమిది. తెనాలిలో కుట్టు టీచరుగా చేసేది. భర్త పోయిన మరుసటేడు, అన్నగారు ఎప్పుడో వేసిన వీసా పిటిషన్ పండి అమెరికా వచ్చింది. ఐసెలిన్‌లోని ఈ నర్సింగ్ హోమ్‌లో పదకొండేళ్ళుగా అదే పని: స్నానాలు, డైపర్లు, దుప్పట్లు. మోకాళ్ళు అరిగిపోయాయి. న్యూయార్కు రైల్లో గంటలోపు దూరం, ఇంతవరకూ చూడలేదు. ఎవరైనా అడిగితే "ఎక్కడికి పోతుందిలే" అంటుంది. కానీ సత్యంగారున్న అడిస్ అబాబాలో కళ్ళకు గంతలు కట్టి వదిలినా దారి తప్పదు.

ఆ ఊరంతా ఈ కారిడారే. సత్యంగారు కాకినాడ నుంచి వెళ్ళి అక్కడి మునిసిపాలిటీలో డ్రాఫ్ట్స్‌మన్‌గా రోడ్లు గీశారు. అక్కడి నర్సు అల్మాజ్‌ను పెళ్ళి చేసుకున్నారు. ఆవిడ వెంట ఈ దేశం వచ్చారు. పిల్లల్లేరు, ఆవిడా పోయింది. మిగిలింది ఊరి నక్షా ఒక్కటే. లిఫ్ట్ రైల్వే స్టేషను, ఎర్రటి ఫైర్ సిలిండర్ దాని ముందున్న సింహం విగ్రహం, కారిడార్ చర్చిల్ రోడ్డు, మందుల గది పోస్టాఫీసు, చివరన గోడ గడియారం కింద ఉన్న నర్సుల డెస్కు మునిసిపల్ భవనం. దాని పైన పియాత్సా బజారు. మొన్నామధ్య ఆ బజారు చాలా వరకు కూల్చేశారని ఫోన్‌లో వీడియో చూసింది జయంతి. ఆయనకు చెప్పలేదు. చెప్పదు కూడా.

ఇవాళ తొమ్మిదింటికి నిధి వస్తుంది. ఇక్కడ పుట్టిన పిల్ల, సోషల్ వర్కర్. సత్యంగారికి మతి నిలకడగా లేదని ఎవరో రాశారట. అయిదు ప్రశ్నలు. రెండు తప్పితే నాలుగో అంతస్తే. అక్కడ తలుపులు కోడ్ నొక్కితే గానీ తెరుచుకోవు. మార్చిలో లక్ష్మమ్మగారిని అక్కడికి పంపారు. గలగలా మాట్లాడే మనిషి, వారం తిరిగేసరికి మాటే మానేసింది.

వారం రోజులుగా జయంతి ఆయన చేత వల్లె వేయిస్తోంది. ఊరు ఐసెలిన్. సంవత్సరం ఇరవై అయిదు, మీ అడిస్ లెక్కలో పదిహేడు కాదు.

తొమ్మిదింటికి నిధి గదిలోకి వచ్చి, టాబ్లెట్ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. "ఆంటీ, మీరు హెల్ప్ చేయొద్దు, ఓకే?"

సత్యంగారు ఊరు చెప్పారు. సంవత్సరం "పది..." అని ఆగి, జయంతి మొహం చూసి, దిద్దుకుని చెప్పారు. నెల చెప్పారు. ఇందాక చెప్పిన మూడు మాటలు తిరిగి చెప్పమంటే ఒకటి మర్చిపోయారు. ఇంకొక్కటే.

"అంకుల్, ఈ రూమ్‌లో క్లాక్ చూసి టైమ్ చెప్పండి."

తొమ్మిదీ పది.

"మూడూ పది" అన్నారు సత్యంగారు, ఠకీమని.

జయంతి గుండె గుభేలుమంది. అయ్యో నా మతి మండా! అన్నీ నేర్పి ఇదెలా మర్చిపోయాను? మర్చిపోవడం కాదు, ఈ లెక్క తనకూ అలవాటైపోయింది. అది వింత అని తోస్తేగా నేర్పడానికి!

నిధి వేలు టాబ్లెట్ మీదికి వెళ్ళింది.

"ఆగమ్మా" అంది జయంతి. "వాళ్ళ దేశంలో అది కరెక్టే. మన తొమ్మిది వాళ్ళకి మూడు."

"అవునేమో ఆంటీ. కానీ ఇక్కడ ఉన్నారా, అక్కడ ఉన్నారా అనేదే క్వశ్చన్. తను ఎక్కడున్నారో అంకుల్‌కి తెలుసని నేనెలా రాయను?"

చూపించవచ్చు. ఒక్కటే దారి. ఆ దారిన ఆయన బయటపడతారు, తను మునుగుతుంది. నోరు మూసుకుంటే సాయంత్రం హాయిగా ఇంటికి పోవచ్చు. చచ్చేంత భయం వేసింది.

"నడిపించి చూడు" అంది. "డెస్కు దాకా వెళ్ళి వస్తారు. దారి ఎవరూ చెప్పక్కర్లేదు."

"వాక్ చేస్తారా? చార్ట్‌లో నో అని ఉంది. ఎవరు చేయించారు?"

"నేనే. రోజూ."

నిధి చార్టు మళ్ళీ తెరిచి చూసింది. సత్యంగారు మాత్రం అప్పటికే లేచి నిలబడ్డారు. "రండమ్మా. స్టేషన్ నుంచి మొదలుపెడదాం."

జయంతి పట్టీ పట్టుకుని ఒకడుగు వెనక నడిచింది, నోరు విప్పకుండా. సింహం దాటారు. అక్కడి నుంచి ఆయనకు ఆయాసం మొదలైంది. నున్నటి నేలే, కానీ చర్చిల్ రోడ్డు ఎత్తు. పోస్టాఫీసు దగ్గర మందుల బండి అడ్డంగా ఉంది. ఎప్పుడూ లేనిది. ఆయన ఆగిపోయారు. అటు చూశారు, ఇటు చూశారు. మోకాళ్ళు వణుకుతున్నాయి. జయంతి పట్టీ బిగించి పట్టుకుంది.

"ఈ లారీని ఇక్కడ ఆపిందెవడు? బుద్ధి లేకపోతే సరి!" అంటూ పక్కనుంచి తప్పుకుని నడిచారు.

గడియారం కిందకి చేరి డెస్కు పట్టుకుని నిలబడ్డారు. "ఇది మునిసిపాలిటీ. రైలు దిగినవాడు తలెత్తి చూస్తే ఇది కనిపించాలి. ఊరికి కొత్తవాడైనా దారి అడగక్కర్లేదు. అదీ ప్లాను."

"మీ రూమ్ ఎక్కడ అంకుల్?" నిధి గొంతు తగ్గింది.

"వెనక్కి వెళ్తే ఎడమ చేతి వైపు నాలుగో తలుపు. ఇది ఐసెలిన్ కదమ్మా! నాకు మతి పోయిందనుకున్నావా? ఈ అమ్మాయి ఏ ఊరూ చూడలేదు. అందుకని చూపిస్తున్నా."

జయంతికి కళ్ళు మసకబారాయి. నాలుగు నెలలుగా తను ఆయన్ని తిప్పుతున్నాననుకుంది, పిచ్చిమొహంది.

నిధి ఆయన్ని రెండో అంతస్తులోనే ఉంచమని రాసింది. రెండోదీ రాసింది, జయంతి రోజూ నడిపిస్తోందని. "సారీ ఆంటీ, నేను రాయకుండా ఉండలేను" అంది. ఏడుపొక్కటే తక్కువ. మధ్యాహ్నం మేనేజర్ రవికుమార్ పిలిచి, తల దించుకుని, బ్యాడ్జి అడిగి తీసుకున్నాడు. "బాబాయిగారిని వీల్‌చైర్‌లో కూర్చోబెట్టేయకండి" అని మాత్రం అడిగింది జయంతి. రేపటి నుంచి థెరపిస్టు నడిపిస్తుందన్నాడు.

గదికి వెళ్ళేసరికి సత్యంగారు నిద్రపోతున్నారు. ఎత్తెక్కిన అలసట. లేపితే చెప్పాల్సి వస్తుంది. దుప్పటి పాదాల మీదికి లాగి, చెప్పులు చేతికందేలా జరిపి, సంచీ తీసుకుని బయటకు వచ్చేసింది.

లిఫ్ట్ పక్క కుర్చీలో చీటీ ఉంది. చెయ్యి చాపింది. ఈరోజు తీసుకుంటే చెల్లదు. చెయ్యి వెనక్కి తీసుకుంది.

లిఫ్ట్ తలుపులు మూసుకుంటుంటే అక్షరాలు కనిపించాయి: "పియాత్సా బజారు. పన్నెండు గంటలకు. ఒకరు."