సెలవు మిఠాయి

అత్తగారి తలగడ ఎంత కుక్కినా సూట్‌కేసులో పట్టడం లేదు. గింజల పొట్టు నింపిన ఆ తలగడ లేకపోతే తొమియే గారికి నిద్ర పట్టదు. ఆవిడకి నిద్ర పట్టకపోతే మర్నాడు ఇంటిల్లిపాదికీ మనశ్శాంతి ఉండదు. అందుకని ఏటా కినొసాకి ప్రయాణంలో ఆ తలగడ కూడా ఒక మనిషిలాగే బయల్దేరుతుంది. మిసుజు మూతని మోకాలితో అదిమిపట్టి జిప్పు లాగుతుంటే, భర్త తెత్సురో సోఫాలోంచి, టీవీ మీంచి చూపు తిప్పకుండా, తన కడుపు మందు పెట్టావా అని అడిగాడు. పెట్టింది. అత్తగారి మోకాలి పట్టీలు, కూతురు నగిసా చార్జరు, దారిలో తినే అన్నం ముద్దల కోసం డబ్బా, అన్నీ పెట్టింది. తన బట్టలు మాత్రం ఇంకా మంచం మీదే ఉన్నాయి. తలగడ దయతలిచి చోటిస్తే అవీ వెళ్తాయి.

చలికాలం వచ్చిందంటే వాళ్ళుండే హిమేజీలో సగం మందికి పీతల మీద మనసు పోతుంది. ఎండాకాలంలోనే గది బుక్ చేసుకోకపోతే కినొసాకిలో కాలు పెట్టే చోటు దొరకదు. వేడినీటి ఊటల్లో మునగడం, పీతలు తినడం, పడుకోవడం, అంతే అక్కడ పని. ఆ పనులైనా చేసేది మిగతా ముగ్గురే. భోజనాల వేళ సత్రం మనిషి అన్నం గిన్నె తెచ్చి, ఎవర్నీ అడక్కుండానే మిసుజు పక్కన పెట్టి వెళ్తుంది. నలుగురిలో వడ్డించే మొహం ఏదో ఆవిడకి గుమ్మంలోంచే తెలిసిపోతుంది కాబోలు. అత్తగారికి పళ్ళు గట్టివి కావు. తెత్సురోకి చేతులు జిగటైతే చిరాకు. నగిసాకి గోళ్ళ రంగు పోతుందని భయం. కాబట్టి పీతలన్నీ మిసుజే ఒలవాలి. ఆమె వంతు వచ్చేసరికి మిగిలిన పులుసులో అన్నం కలిపేయడానికి సత్రం మనిషి మళ్ళీ వచ్చేస్తుంది. పోయినేడు ఆమె తిన్న పీత మొత్తం ఒక పిల్లికి కూడా ఆనదు. తిరుగు దారిలో కారు వెనక సీట్లోంచి అత్తగారు, "వంటా వార్పూ లేకుండా నీకు ఎంత హాయో కదూ మిసుజూ" అన్నారు. మిసుజు అవునంది. కారు నడుపుతున్నది కూడా ఆమే.

ఈ ఏడు చిక్కు ఎక్కడొచ్చిందంటే, మధ్యలో ఉద్యోగం వచ్చిపడింది. ఊళ్ళో చేపపిండి ముద్దలు చేసే కంపెనీ ఒకటుంది. ఏడాది చివర జనం ఒకరికొకరు పంపుకునే కానుక పెట్టెల కోసం ఫోన్లో ఆర్డర్లు రాసుకోవడానికి ఆడవాళ్ళని తాత్కాలికంగా తీసుకుంటే, మిసుజు చేరింది. నగిసా పుట్టాక ఇదే మొదటి ఉద్యోగం. అక్కడ తనకో కుర్చీ ఉంది. అందులో వేరెవరూ కూర్చోరు. మధ్యాహ్నం అన్నం వేడిగా తింటుంది, మధ్యలో లేవదు. మొదటి రోజు సాయంత్రం ఇంటికి బయల్దేరుతుంటే గదిలో వాళ్ళంతా తలలెత్తి, "అలసిపోయి ఉంటారు, వెళ్ళిరండి" అన్నారు. పని ముగిసినవాళ్ళని అలా అనడం ఎక్కడైనా మామూలే. ఆమె కూడా రోజూ గుమ్మం దగ్గర, పని నుంచి వచ్చిన భర్తతో అలసిపోయి ఉంటారని అంటూనే ఉంది. కానీ తనతో ఎవరైనా ఆ మాట అని ఎన్నేళ్ళయిందో, వెనక ఇంకెవరైనా వస్తున్నారేమోనని తిరిగి చూసింది.

పీతలూ పనీ ఒకే వారాంతానికి వచ్చాయి. ఆర్డర్లు వెల్లువలా వచ్చే రోజులవి. ఆ రోజుల్లో నిలబడి పనిచేసినవాళ్ళలోంచే కొత్త ఏడాదికి కొందరిని ఉంచుకుంటారని పక్క కుర్చీ ఓగి గారు ముందే చెవిన వేసింది. ఈ మాట ఇంట్లో చెబితే తెత్సురో ఆశ్చర్యపోయాడు.

"తాత్కాలిక ఉద్యోగమేగా. దానికోసం ఎప్పుడో బుక్ చేసిన ప్రయాణం మానుకుంటారా ఎవరైనా?"

తాత్కాలికం అన్న మాటని ఆయన ఈ నెలలో చాలాసార్లు వాడాడు. తాత్కాలికమే కాబట్టి వంటకి ఆలస్యం కాకూడదు. తాత్కాలికమే కాబట్టి ఇస్త్రీ ఆగకూడదు.

మిసుజు తెలివిగా ఒక ఉపాయం పన్నింది. సెలవు అడుగుతుంది, ఆఫీసు పెద్ద కురటా గారు కుదరదంటారు. అప్పుడు మొహం వేలాడేసుకుని ఇంటికొచ్చి, ఏం చేయను, పై అధికారి రాక్షసుడు అంటుంది. ఎవరికీ కోపం రాదు, వచ్చినా ఆయన మీదే వస్తుంది. తీరా అడిగితే ఆ మహానుభావుడు క్యాలెండరు వైపైనా చూడలేదు. "కుటుంబం ముందండీ. నిశ్చింతగా వెళ్ళిరండి, మేం చూసుకుంటాం" అన్నాడు. ఓగి గారైతే అక్కడ చలెక్కువని, ఒంటికి అంటించుకునే వేడి పట్టీలు తెచ్చిచ్చింది. మనుషులు ఇంత మంచివాళ్ళయితే ఎలా బతకడం అని మిసుజు ఆ పట్టీలు చేత్తో పట్టుకుని దిగులుపడింది.

ఇక మిగిలింది మిఠాయి. సెలవు పెట్టేవాళ్ళు ముందురోజు ఒక డబ్బా కొని, ప్రతి బల్ల దగ్గరా వంగి, ఇబ్బంది కలిగిస్తున్నందుకు మన్నించమని తలా ఒకటి పెట్టాలి. ఎర్ర చిక్కుడు ముద్ద పొదిగిన బిళ్ళల డబ్బా ఈ పొద్దున కొంది. రోజంతా అది సంచిలోనే ఉంది. తీద్దామనుకున్నప్పుడల్లా ఫోను మోగింది. ఫోను మోగనప్పుడు చెయ్యి కదల్లేదు.

జిప్పు ఎట్టకేలకు పడింది. తెత్సురోకి అప్పుడే ఏదో గుర్తొచ్చినట్టుంది.

"ఆఫీసులో మిఠాయి పంచావా? మనం లేకపోతే ఇబ్బంది పడేవాళ్ళ దగ్గర తల వంచి వెళ్ళడం మర్యాద."

మిసుజు సూట్‌కేసు పక్కన చతికిలబడి ఆలోచించింది. తను లేకపోతే ఇబ్బంది పడేదెవరు? ఆఫీసులో ఫోను మోగితే పక్క కుర్చీ ఎత్తుతుంది. మరి పీత ఎవరొలుస్తారు? ఇన్నేళ్ళలో ఒక్కరోజు కూడా తను సెలవు అడగని చోటు ఒకటుంది. అడగాలని తోచనైనా లేదు. నవ్వొచ్చింది.

లేచి సంచిలోంచి డబ్బా తీసింది. భోజనాల బల్ల దగ్గర అత్తగారు టీ తాగుతున్నారు. నగిసా ఫోను చూసుకుంటోంది. భర్తని కూడా పిలిచి కూర్చోబెట్టింది. ముగ్గురి ముందూ తలా ఒక బిళ్ళ పెట్టి, అడుగు వెనక్కి వేసి, చేతులు ముందుకు కట్టుకుని, నడుము దాకా వంగింది.

"రేపటి నుంచి వారాంతమంతా సెలవు తీసుకుంటున్నాను. మీ అందరికీ ఇబ్బంది కలిగిస్తున్నందుకు మన్నించండి."

తొమియే గారు జన్మలో మర్యాద తప్పిన మనిషి కాదు. చెవిన ఆ మాటలు పడీ పడగానే కప్పు దింపి, చేతులు ఒళ్ళో పెట్టుకుని తనూ వంగారు.

"అయ్యయ్యో, ఇవన్నీ ఎందుకండీ. మా సంగతి మేం చూసుకుంటాం. నిశ్చింతగా వెళ్ళిరండి."

అనేశారు. తల ఎత్తాక గానీ ఏమన్నారో ఆవిడకి తెలియలేదు.

"అమ్మా, ఏంటి నువ్వనేది?" అన్నాడు తెత్సురో. కొడుకు మాటకి తొమియే గారు కాసేపు ఇబ్బందిగా కదిలారు. తర్వాత బిళ్ళ కాగితం విప్పడం మొదలుపెట్టారు. అన్న మాట వెనక్కి తీసుకోవడం అంతకన్నా పెద్ద మర్యాద తక్కువ.

"తింటున్నాను కదా. అంటే ఒప్పుకున్నట్టేగా" అన్నారు, ఎవరి వైపూ చూడకుండా.

నగిసా అప్పటికే తనది తినేసింది. కాబట్టి అదీ ఒప్పుకున్నట్టే. తన బిళ్ళ ముట్టుకోకుండా కూర్చున్నది తెత్సురో ఒక్కడే. గది బుక్ చేసింది నలుగురికి కదా అని, కారు ఎవరు నడుపుతారని, పీతలు ఎవరొలుస్తారని అడిగాడు.

"నా వంతు పీత కూడా మీదేనండి. వేడిగా ఉన్నప్పుడే ఒలుచుకోండి, చల్లారితే బాగోదు, నాకు తెలుసు" అంది మిసుజు.

సూట్‌కేసు దగ్గరికి వెళ్ళి, ఇంకేమైనా పెట్టుకుంటారేమో చూసుకోమని జిప్పు తెరిచింది. తలగడ మళ్ళీ ఉబ్బి బయటికొచ్చింది. ఆమె దాన్ని అలాగే వదిలేసి, మంచం మీది బట్టల్లోంచి రేపు ఆఫీసుకి వేసుకునే చొక్కా ఏరుకుంది.

తెత్సురో తలుపు దాకా వచ్చి నిలబడ్డాడు. చేతిలో బిళ్ళ ఉంది. సగం కొరికి ఉంది.

"ఈ సెలవు... వారాంతం దాకానేగా?"

మిసుజు చొక్కా దులిపి హ్యాంగరుకి తగిలించింది.

"కంగారుపడకండి," అంది. "తాత్కాలికమేగా."