గొంగడి జెండా

బీరప్పగడ్డకు ఒక జెండా ఉండేది. పట్టుదీ కాదు, నూలుదీ కాదు, ముసలి గొర్రెల కాపరి కురుమయ్య భుజం మీది గొంగడి. తమ ఊరు వేరే పంచాయతీ కావాలని జనం నారాయణపేటకు ధర్నాకు బయల్దేరిన పొద్దున, బ్యానరు రాయించడం ఎవరికీ గుర్తు లేకపోయింది. అందరూ ఉత్త చేతులతో ఒకరి మొహం ఒకరు చూసుకుంటుంటే ముసలాయనకు ఒళ్లు మండింది. తన నల్ల గొంగడిని తీసి, గొర్రెలకు రొట్ట కోసే దోటి కర్రకు కట్టి, ముందు నడిచాడు. పంచాయతీ వచ్చింది. గొంగడి పంచాయతీ ఆఫీసు మీదికెక్కింది.

గొంగడి గాలికి రెపరెపలాడదు. దాని బరువు అలాంటిది. వేలాడుతుంది, అంతే. కురుమయ్య కోడలు యాదలక్ష్మి వార్డు మెంబరయ్యాక ఆఫీసుకు పోయిన ప్రతిసారీ తలెత్తి దాన్ని ఒకసారి చూసుకునేది. మామ గొంగడి ఊరికి జెండా అయిందని ఆమెకు లోలోపల గర్వం. పైకి చెప్పుకోలేదు గానీ, చెప్పుకోకపోతే మాత్రం గర్వం కాకుండా పోతుందా.

ఊరికి సర్పంచి నాగరాణి. సర్పంచిగిరీ మాత్రం ఆమె మొగుడు రాజేశ్‌ది. సంతకం ఆమెది, పెత్తనం ఆయనది. మీటింగులో ఆమె కుర్చీ పక్కన ఇంకో కుర్చీ వేసుకుని కూర్చుంటాడు, చివరికి ఆమె వంతు దగ్గు కూడా తనే దగ్గుతాడు. రాష్ట్రావతరణ దినానికి ఎమ్మెల్యే వస్తున్నాడని తెలిసిన రోజు ఆయనను కొత్త పురుగు తొలిచింది.

"దేశానికి జెండ ఉన్నది. పార్టీలకు జెండలున్నయ్. మన ఊరే మనకు దేశం. గీ దేశానికి ఏమున్నది? బొచ్చు గొంగడి," అన్నాడు మీటింగులో. "ఎమ్మెల్యే సారు వచ్చే యాళ్లకు నల్లజెండ ఎగిరిందనుకో, నిరసన జేస్తున్నరనుకుంటడు. మంచిగ డిజైన్ జేయిద్దాం. మనమెవలమో జూడంగనే తెల్వాలె."

ఆ గొంగడి కింద కుర్చీ వేసుకున్నవాడు ఆ మాట అనడం యాదలక్ష్మికి నచ్చలేదు. గొంగట్లో తింటూ వెంట్రుకలు ఏరడం అంటే ఇదే. అయినా నోరు మూసుకుని విన్నది, మిగతావాళ్లు ఏమంటారో చూద్దామని.

మిగతావాళ్లు అనకపోతే బాగుండేది. ఒకాయనకు కంది చేను కావాలి, ఒకాయనకు పత్తి కాయ కావాలి. ఉపసర్పంచి అంజన్నకు నారాయణపేట చీర అంచు కావాలి, ఆయన బామ్మర్దికి చీరల దుకాణం ఉంది. ఇంకొకాయన తన కులదేవత గుడి పెట్టమన్నాడు. అది విని ఇద్దరు తమ తమ గుళ్లు పెట్టమన్నారు. రాజేశ్ అందరికీ సరే అంటూ, చివర్లో నెమ్మదిగా ఒక కమాను కూడా ఉండాలన్నాడు, ఊరికి స్వాగతం పలుకుతున్నట్టు. ఊరికి కమాను లేదు. ఊరి బయట రాజేశ్ వేసిన ప్లాట్ల వెంచరుకు ఉంది. బిర్యానీ పొట్లాలు విప్పిన చేతులతోనే అందరూ గుడ్డ మీద తమ వాటా కోసం పోట్లాడుకున్నారు. పెళ్లిలో ముక్కల కోసం కూడా ఇంత రోతగా కొట్టుకోరు.

"గొంగడి పోనియ్య," అంది యాదలక్ష్మి. "ధర్నకు పోయిననాడు గీ కంది చేన్లు, కమాన్లు యాడున్నయ్? గది కప్పుకున్నోళ్లు కొట్లాడితెనే గీ ఆఫీసొచ్చింది."

చేతులెత్తమన్నారు. సగం మంది కొత్త జెండాకు ఎత్తారు, సగం మంది ఎత్తలేదు. తేల్చవలసింది ఆమె చెయ్యే. రాజేశ్ కుర్చీ ఆమె దగ్గరికి జరుపుకున్నాడు.

"అక్కా, మీ కురుమోళ్లను ఇడిశి నేను జెండ జేస్తనా? గొర్రెను పెట్టిస్త. ఏదో మూలకు గాదు, కండ్లకు కొట్టేటట్టు. గొంగడి యాడికెళ్లొస్తది? గొర్రె మీదికెళ్లే గదా?"

ఆ మాటలో తప్పేముందో ఆమెకు వెంటనే తట్టలేదు. గొర్రె ఉంటే గొంగడి ఉన్నట్టేనేమో అనుకుంది. గొంగడి చినిగిపోతుంది, బొమ్మ నిలుస్తుంది.

"నల్ల గొర్రె ఉండాలె. మనూరి గొర్రె."

"అట్లనే."

"గొంగడి మీద కూసోని చెప్పు తమ్మీ."

బీరప్పగడ్డలో అది ఆనవాయితీ. తగువు వస్తే గొంగడి పరిచి, దాని మీద కూర్చోబెట్టి అడుగుతారు. దాని మీద కూర్చుని అబద్ధమాడితే వాడి ఇంట మంద నిలవదని నమ్మకం. రాజేశ్ నవ్వాడు. "గొంగడి పైన గట్టి ఉన్నది గదా అక్కా. దింపంగనే కూసుంట," అన్నాడు. అందరూ నవ్వారు. యాదలక్ష్మి కూడా నవ్వింది, నవ్వి చెయ్యెత్తింది.

ఇంటికొచ్చి కురుమయ్యకు చెప్పింది. యాదలక్ష్మి పెనిమిటి మల్లన్న మందను తోలుకుని కృష్ణ ఒడ్డుకు పోయి ఉన్నాడు, ఇంట్లో వాళ్లిద్దరే. ముసలాయన చుట్ట ఆర్పి, "గొంగడి నాది గాదు బిడ్డా, ఊరికిచ్చిన. ఊరు తీస్తనంటె తీయని," అన్నాడు. లేవబోతూ, "గొర్రెకు మాత్రం ఎడమ చెవి కొస చీల్చినట్టు గీయమను. గది మనూరి కోత. లేకుంటె ఎవలదో అనుకుంటరు," అన్నాడు.

గొర్రె ఏ ఊరిదో, ఎవరి మందదో చెప్పేది చెవి కోతే. మంద మందలో కలిసిపోతే చెవి చూసి విడదీసుకుంటారు. యాదలక్ష్మి పోయి రాజేశ్‌కు ఆ మాట చెప్పింది. ఆయన ఫోను చూస్తూ, "చెప్తనక్కా, డిజైన్ పిల్లగానికి చెప్తా," అన్నాడు.

అవతరణ దినం ముందు రాత్రి వాన దంచింది. పొద్దున్నకు పంచాయతీ ముందు ఎర్రమట్టి అంతా చిత్తడి. అయినా షామియానా నిలబడింది, స్టేజీ మీద సోఫాలు పడ్డాయి, రాజేశ్ తెల్ల ఖద్దరులో బురద తగలకుండా కాళ్ల వేళ్ల మీద తిరిగాడు. ఎమ్మెల్యే ఇంకో ఊళ్లో ఆగాడు, ఆలస్యమవుతుందన్నారు. జనం విసుక్కుంటున్నారని కొత్త జెండా ముందే ఎగరేశారు. నాగరాణి తాడు పట్టుకుంది, రాజేశ్ లాగాడు.

తళతళలాడే గుడ్డ గాలికి చటుక్కున విప్పుకుంది. గొంగడికి లేని చురుకుదనం దానికి ఉంది. పైన చీర అంచు, నడుమ కంది, పత్తి, మూడు గుళ్లు, గుళ్లకంటే పెద్దదిగా కమాను. కమాను కింద, రాజేశ్ మాట తప్పలేదు, కండ్లకు కొట్టేటట్టు గొర్రె.

తెల్లగా ఉంది. తెల్లగా అంటే సబ్బుతో ఉతికి ఆరేసినంత తెల్లగా. ఒళ్లంతా గుండ్రంగా ఉబ్బిన బొచ్చు, గులాబీ మూతి, చుట్టూ పచ్చగడ్డి. కంప్యూటరులో దొరికిన ఏ చలిదేశపు గొర్రెనో పట్టుకొచ్చి అతికించారు. అలాంటిది ఈ బండనేలల మీద ఒక ఎండాకాలం కూడా బతకదు. రెండు చెవులూ నిండుగా ఉన్నాయి. జనం చప్పట్లు కొట్టారు. వాళ్లలో కురుమోళ్లే సగం మంది. పొద్దున్నే నల్ల గొర్రెలను దొడ్లో నుంచి వదిలి వచ్చిన చేతులతోనే చప్పట్లు కొట్టారు. యాదలక్ష్మికి చప్పట్ల చప్పుడు వింటేనే అసహ్యమేసింది. అంతకంటే, వాళ్లకోసం ఎత్తిన తన చెయ్యి చూసుకుంటే అసహ్యమేసింది. దాన్ని కొంగుకు తుడుచుకుంది.

పక్కన కురుమయ్య కళ్ల మీద చెయ్యి అడ్డం పెట్టుకుని చూస్తున్నాడు.

"గా గొర్రె ఎవలదే బిడ్డా?"

ఆమె చెయ్యి మళ్లీ కొంగుకు తుడుచుకుంది.

"కోత లేదు. ఎవల మందల నుంచి తప్పిపోయొచ్చిందో ఏమో. పాపం, ఎతుకుతుంటరు," అన్నాడు. ఎగతాళికి అనలేదు. తప్పిపోయిన గొర్రె మందలో చేరితే ఆయన ఎన్నడూ ఉంచుకోలేదు, చుట్టూ ఊళ్లకు కబురు పెట్టి ఒప్పజెప్పేవాడు.

"మన గొంగడి ఏమాయె?" అని అడిగాడు అప్పుడు.

పాత కర్ర ఖాళీగా ఉంది. ఆమె ఆఫీసు గోడల వెంట చూసింది, అరుగు మీద చూసింది. ఇంతలో కార్ల హారన్లు వినపడ్డాయి. ఎమ్మెల్యే దిగాడు. రాజేశ్ వంగి వంగి దారి చూపిస్తూ స్టేజీ దగ్గరికి తీసుకొచ్చాడు. స్టేజీ మెట్ల ముందు బురద బాగా ఉంది. ఆ బురద మీద, నాలుగు మడతలు వేసి, నల్లగా ఏదో పరిచి ఉంది. ముందు ఎక్కిన వాళ్లందరూ దాని మీద బూట్లు రాసి ఎక్కారు.

ఎమ్మెల్యే ఫోనులో మాట్లాడుతూ దాని మీద నిలబడ్డాడు. కుడి బూటు రాశాడు, ఎడమ బూటు రాశాడు, మళ్లీ కుడి బూటు. రాజేశ్ పక్కనే నిలబడి, "ఫరవాలేదు సార్, పాతదే," అంటున్నాడు. దింపంగానే దాని మీద కూర్చుంటానన్నవాడు వాడే.

యాదలక్ష్మికి తాను జనాన్ని తోసుకుంటూ పోయిన సంగతి తర్వాత గుర్తు లేదు. మెట్ల దగ్గర బురదలో కూర్చుంది. కొత్త చీర పాడయింది. గొంగడి కొస రెండు చేతులతో పట్టుకుంది. రాజేశ్ ఆమె భుజం మీద చెయ్యి వేసి, "అక్కా, లే, జనం జూస్తున్నరు," అన్నాడు పళ్లు బిగించి. ఆమె వాడి వైపు చూడలేదు. ఎమ్మెల్యే వైపు తలెత్తింది.

"సారూ, జర కాలు తీయుండ్రి," అంది. "మీరు తొక్కింది మా జెండ."

ఆయన ఫోను చెవి దగ్గర నుంచి తీయకుండానే కాలు తీశాడు. రెండో కాలు తీయడానికి ఆమె మళ్లీ చెప్పవలసి వచ్చింది.